స్కై దీవి డ్యాన్స్ బ్యాండు 'రన్‌రిగ్': మొదలైన రోజులు, ఎదిగిన తీరు

గ్లాస్గో వాన

అందరికీ నమస్కారం. ఈ వేదికలో లండన్, లివర్‌పూల్ బ్యాండ్ల మీద చాలా చర్చలు చదివాను. స్కాట్లాండ్ వాళ్ల గురించి ఒక్కటీ కనపడలేదు, అందుకే నేనే మొదలుపెడుతున్నాను.

నేను గ్లాస్గో వచ్చిన కొత్తలో ఆఫీసులో ఒకావిడ పెళ్లికి పిలిచారు. రాత్రి పన్నెండు దాటాక ఆఖరి పాట వేశారు. అప్పటిదాకా కుర్చీల్లో కూలబడిన ముసలివాళ్లు కూడా లేచి వచ్చారు. అందరూ చేతులు పట్టుకుని పెద్ద వలయం కట్టారు, మధ్యలో పెళ్లికూతురు, పెళ్లికొడుకు. మెల్లగా మొదలైన పాట ఒక చోట డ్రమ్ములు పడగానే మారిపోయింది. వలయం మొత్తం ఒక్కసారిగా మధ్యకు పరుగెత్తుకొచ్చింది, మళ్లీ వెనక్కి. నా ఒక చేయి ఎవరిదో బామ్మ చేతిలో, రెండోది చొక్కా చేతులు మడిచిన ఓ కుర్రాడి చేతిలో. బామ్మ పట్టు ఎంత గట్టిదంటే మర్నాడు నా వేళ్లు నొప్పెట్టాయి.

పాట 'లాక్ లోమండ్'. ఎప్పటిదో పాత జానపదం. ఆ రోజు మోగింది మాత్రం రన్‌రిగ్ అనే బ్యాండు పాడినది. ఇక్కడ చాలా పెళ్లిళ్లు దాంతోనే ముగుస్తాయని తర్వాత తెలిసింది.

ఆ బ్యాండు 1973లో పుట్టింది. రోరీ మెక్‌డొనాల్డ్, కాలమ్ మెక్‌డొనాల్డ్ అన్నదమ్ములు. స్కాట్లాండ్ పడమటి తీరంలోని నార్త్ యూయిస్ట్ దీవిలో కొంతకాలం, తర్వాత అక్కడికి దగ్గరలోని స్కై దీవిలో పెరిగారు. అకార్డియన్ వాయించే బ్లెయిర్ డగ్లస్ వాళ్లతో కలిశాడు. మొత్తం ముగ్గురే. పేరు 'రన్ రిగ్ డ్యాన్స్ బ్యాండ్'. మొదటి ప్రోగ్రాం గ్లాస్గోలో కెల్విన్ హాల్లో, నార్త్ యూయిస్ట్ వాళ్ల సంఘం ఏటా జరుపుకునే కలయికలో. మన ఊరి వాళ్లంతా పట్నంలో ఏడాదికోసారి కలిస్తే, ఆ పూట పాడటానికి మన కుర్రాళ్లనే పిలిచినట్టు.

అక్కడి నుంచి స్టేడియంల దాకా ఎలా వెళ్లారన్నది నాకు చాలా ఇష్టమైన కథ. తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి, నేనూ చెబుతాను.

---

ఆరు తీగలు

మంచి విషయం ఎత్తారండీ. నేను విశాఖలో గిటార్ నేర్పుతాను. రన్‌రిగ్ పేరు విన్నాను కానీ పాటలు రెండు మూడే విన్నాను. వాళ్లది పూర్తి రాక్ అనిపించలేదు, పూర్తి జానపదమూ కాదు. అకౌస్టిక్ గిటార్, అకార్డియన్, మాండలిన్ పక్కనే ఎలక్ట్రిక్ గిటార్, డ్రమ్స్. ఈ కలయిక మొదటి రోజు నుంచే ఉందా, లేక తర్వాత వచ్చిందా?

ఇంకోటి, 'రన్ రిగ్' అంటే అర్థం ఏమిటి?

---

పాత రికార్డు

ఆరు తీగలు గారూ, పేరుతోనే మొదలుపెడతాను, ఎందుకంటే వాళ్లు చెప్పదలచుకున్నది సగం ఆ పేరులోనే ఉంది.

స్కాట్లాండ్ పల్లెల్లో పాతకాలం సాగు పద్ధతి పేరు రన్‌రిగ్. 'రిగ్' అంటే సాళ్లు తోలి కాస్త ఎత్తుగా పోసిన పొడవాటి మడి. ఊరి భూమినంతా ఇలాంటి పట్టీలుగా విడగొట్టి కుటుంబాలకు పంచేవారు. కొన్నేళ్లకోసారి మళ్లీ పంపకం. అంటే మంచి నేల ఎప్పుడూ ఒకడి చేతిలోనే ఉండిపోదు, రాళ్ల నేల ఎప్పుడూ ఒకడి నెత్తినే పడదు. 18, 19 శతాబ్దాల్లో భూస్వాములు ఈ పద్ధతిని ఎత్తేశారు. గొర్రెల పెంపకంలో లాభం ఎక్కువని హైలాండ్స్‌లో, అంటే స్కాట్లాండ్ ఉత్తరాన ఉన్న కొండల ప్రాంతంలో, ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేయించారు. జనం సముద్రం ఒడ్డున రాళ్ల గుట్టల మీదికో, కెనడాకో పోయారు. 'క్లియరెన్సెస్' అని చరిత్రలో పెద్ద అధ్యాయం అది. అలా పోయిన సాగు పద్ధతి పేరును 1973లో ముగ్గురు కుర్రాళ్లు డ్యాన్సు బ్యాండుకు పెట్టుకున్నారు.

ఇక వాయిద్యాల సంగతి. మొదట్లో అది అచ్చంగా డ్యాన్సు బ్యాండే. హైలాండ్స్‌లో 'కేలీ' అంటారు, ఊరి హాల్లో జనం చేరి పాడుకుని ఆడుకునే రాత్రి. దానికి అకార్డియన్ ప్రాణం. కాలమ్ డ్రమ్స్, రోరీ గిటారు, తర్వాత బేస్. రోరీ అంతకుముందే 'స్కైవర్స్' అనే స్థానిక బ్యాండులో వాయించాడు, కాబట్టి బీట్ పాటల అలవాటూ ఉంది. 1974లో డానీ మన్‌రో గాయకుడిగా చేరాడు. స్కై దీవి వాడే, బొమ్మలు వేయడం చదువుకున్నాడు, బడిలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేశాడు. బ్లెయిర్ పక్కకు వెళితే రాబర్ట్ మెక్‌డొనాల్డ్ అకార్డియన్ పట్టాడు.

1978లో మొదటి ఆల్బమ్, 'ప్లే గేలిక్'. మొత్తం గేలిక్‌లోనే, అంటే హైలాండ్స్, దీవుల జనం సొంత భాషలోనే. అది చాలా సౌమ్యమైన రికార్డు. అకౌస్టిక్ గిటారు, అకార్డియన్, గొంతులు. రాక్ వాసన దాదాపు లేదు.

ఆ ఏడాదే మాల్కమ్ జోన్స్ ఎలక్ట్రిక్ గిటారుతో వచ్చాడు. మర్నాటి ఏడు 1979లో 'ది హైలాండ్ కనెక్షన్'. సొంతంగా 'రిడ్జ్ రికార్డ్స్' అని కంపెనీ పెట్టుకుని వేశారు. ఈ రెండు రికార్డులూ వెంటవెంటనే వింటే ఇది ఒకే బ్యాండా అనిపిస్తుంది. 'లాక్ లోమండ్' మొదటి రూపం ఇందులోదే. మీరడిగిన కలయిక ఈ రెంటి మధ్య ఉన్న ఒక్క ఏడాదిలో జరిగిందని నా అభిప్రాయం.

---

శ్రీకాకుళం మాస్టారు

పాత రికార్డు గారు చెప్పిన 1979 ఆల్బమ్‌లో ఒక గేలిక్ పాట ఉంది, 'ఫిహ్యద్ బ్లియనా'. 'ఇరవై ఏళ్లు' అని అర్థం. మా అమ్మాయి ఎడిన్‌బరోలో చదివేటప్పుడు అనువాదం పంపించింది. అప్పటి నుంచి నా మనసులో ఉండిపోయింది.

సంగతి ఏమిటంటే, ఒక కుర్రాడు బడికి పోతాడు. ఎక్కడెక్కడి చరిత్రో నేర్పుతారు. తన ఊరి పొలాలు ఎవరు లాక్కున్నారో, తన తాతలు ఎందుకు ఓడలెక్కారో ఎవరూ చెప్పరు. తన వాళ్ల కథ తనకు తెలియడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. పాటలో అరుపులు లేవు, తిట్లు లేవు. అందుకే ఇంకా గట్టిగా తగులుతుంది.

ముప్పై రెండేళ్లు తెలుగు చెప్పినవాణ్ని. రిటైరయ్యాక కొన్నాళ్లు ఒక ప్రైవేటు బడిలో పనిచేశాను. అక్కడ పిల్లలు తెలుగులో మాట్లాడితే రూపాయి జరిమానా. నాలుగో తరగతి పాప ఒకతె ఆటస్థలంలో పడి మోకాలు చీరుకుపోయింది. 'అమ్మా' అని ఏడిచి, వెంటనే చేత్తో నోరు మూసుకుని చుట్టూ చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేదు. ఈ పాట విన్నప్పుడల్లా ఆ పాపే గుర్తొస్తుంది.

---

గ్లాస్గో వాన

మాస్టారూ, మీ మాట చదివి కాసేపు ఆగిపోయాను.

ఇక్కడ 1872లో వచ్చిన స్కాట్లాండ్ విద్యా చట్టంలో గేలిక్ ఊసే లేదు. బడి అంటే ఇంగ్లీషు అని స్థిరపడిపోయింది. ఇంట్లో ఒక్క ఇంగ్లీషు ముక్క వినని పిల్లలు బడికి పోయి అర్థంకాని భాషలో అక్షరాలు దిద్దేవారు. గేలిక్ మాట్లాడితే దెబ్బలు తిన్నామని చెప్పే ముసలివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. (ఇక్కడివాళ్లు తమ భాషను 'గాలిక్' అని పలుకుతారు. ఐర్లండు వాళ్ల భాషకు వాడే 'గేలిక్' ఉచ్చారణ వేరు. మనకు అలవాటైంది కాబట్టి 'గేలిక్' అనే రాస్తున్నాను.) 2011 జనాభా లెక్కల్లో ఈ భాష మాట్లాడతామన్నవాళ్లు 57 వేల పైచిలుకు. దేశ జనాభా 50 లక్షలు దాటి ఉంటే అంత.

1973 కూడా ఊరికే వచ్చిన సంవత్సరం కాదు. స్కై దీవిలోనే ఆ ఏడాది 'సావల్ మోర్ ఓస్టెగ్' అనే గేలిక్ కాలేజీ ఒక పాత పశువుల కొట్టంలో మొదలైంది. పేరుకు అర్థమే 'ఓస్టెగ్ పెద్ద కొట్టం'. అంతకు ముందు ఏడాది అదే దీవిలో భూమి సమస్యల మీద గట్టిగా రాసే 'వెస్ట్ హైలాండ్ ఫ్రీ ప్రెస్' వారపత్రిక వచ్చింది. 1973లోనే '7:84' అనే నాటక బృందం క్లియరెన్సెస్ కథను హైలాండ్స్ ఊరి హాళ్లలో ఆడుతూ తిరిగింది. దేశ సంపదలో 84 శాతం 7 శాతం మంది చేతిలో ఉందన్న లెక్క నుంచి వచ్చింది ఆ బృందం పేరు. నాటకం అయ్యాక అదే హాల్లో కుర్చీలు పక్కకు జరిపి డ్యాన్సు మొదలెట్టేవారు.

రన్‌రిగ్ వాళ్లు ఈ గాలి పీల్చి పెరిగారు. ఎవరో పైనుంచి వచ్చి చెబితే కలిగిన స్పృహ కాదు అది.

---

నిక్కచ్చి

చర్చ బాగుంది. కానీ ఒక మాట సూటిగా అంటాను, ఎవరూ నొచ్చుకోవద్దు.

భాష గురించి అంత చెబుతున్నారు. బ్యాండు నిజంగా పైకి వచ్చింది ఎప్పుడు? ఇంగ్లీషు పాటలు ఎక్కువయ్యాక. మొదటి ఆల్బమ్ మొత్తం గేలిక్, దాన్ని కొన్నది హైలాండ్స్ జనం. 1987 నాటి 'ది కట్టర్ అండ్ ది క్లాన్'లో ఎక్కువ పాటలు ఇంగ్లీషువే. దాని తర్వాతే క్రిసాలిస్ అనే పెద్ద రికార్డు కంపెనీ వాళ్లు సంతకం చేయించుకున్నారు. కాబట్టి గేలిక్ వాళ్లను నిలబెట్టిందనడం కన్నా, గేలిక్‌ను కాస్త తగ్గించుకున్నాకే నిలబడ్డారనడం నిజానికి దగ్గర.

బ్యాండు గొప్పది కాదని అనడం లేదు. లెక్క లెక్కలా చెప్పుకుందాం అంటున్నాను.

---

పాత రికార్డు

నిక్కచ్చి గారూ, మీరు చెప్పిన లెక్క తప్పు కాదు. ఇంగ్లీషు పాటలు లేకపోతే క్రిసాలిస్ వచ్చేది కాదు. కానీ 1978కీ 1987కీ మధ్య తొమ్మిదేళ్లు వాళ్లను ఎవరు మోశారు?

గేలిక్ పాటకు అప్పటిదాకా ఉన్న పెద్ద వేదిక 'మోడ్'. 1892 నుంచి జరుగుతున్న పోటీలు. కోటూ కిల్టూ తొడుక్కుని, చేతులు కట్టుకుని నిలబడి, జడ్జీల ముందు మార్కుల కోసం పాడాలి. మంచి సంప్రదాయమే, ఎన్నో పాటల్ని బతికించింది. కానీ పదిహేడేళ్ల కుర్రాడికి అది అమ్మమ్మ ముచ్చట. వాడి శనివారం రాత్రి మొత్తం ఇంగ్లీషులోనే గడిచేది.

రన్‌రిగ్ చేసిన పని ఆ శనివారం రాత్రిలోకి గేలిక్‌ను తీసుకురావడం. అదీ పాత పాటలు తిరగపాడి కాదు, కొత్తవి రాసి. ఎక్కువగా కాలమ్ మాటలు, రోరీ బాణీలు. ఊరి హాల్లో జనం గేలిక్ పాటకు గంతులేశారు. ఆ భాషలో ఆడామగా చెమటలు పట్టేలా ఆడొచ్చని ఒక తరానికి అక్కడే తెలిసింది.

రెండోది, వాళ్లు లండన్ పోలేదు. అప్పట్లో ఏ స్కాటిష్ బ్యాండుకైనా అదే దారి. వీళ్లు సొంత కంపెనీ పెట్టుకున్నారు. 1981లో 'రికవరీ', 1985లో 'హార్ట్‌లాండ్', 87లో మీరు చెప్పిన ఆల్బమ్ కూడా మొదట రిడ్జ్ మీదే వచ్చాయి. క్రిసాలిస్ వాళ్లు తర్వాత దాన్ని తిరిగి విడుదల చేశారు. అంటే పెద్ద కంపెనీ వచ్చేసరికే బ్యాండు నిలదొక్కుకుని ఉంది. కంపెనీ కొత్తగా తెచ్చింది దుకాణాలు, రేడియో.

1980లో ఇయన్ బేన్ డ్రమ్స్‌కు రావడం ఇంకో మలుపు. కాలమ్ తాళవాద్యాల వైపు జరిగాడు, శబ్దానికి బరువు పెరిగింది. తర్వాత రిచర్డ్ చెర్న్స్ కీబోర్డు, 1986లో ఆయన స్థానంలో పీట్ విషార్ట్. ఈ విషార్ట్ 2001 నుంచి బ్రిటన్ పార్లమెంటులో సభ్యుడు.

---

ఆరు తీగలు

రెండు రోజులుగా ఇదే వింటున్నాను. ముందు 'ప్లే గేలిక్', తర్వాత 'హైలాండ్ కనెక్షన్'. మాల్కమ్ జోన్స్ గిటారు గురించి గిటారిస్టుగా ఒక మాట రాయాలనిపించింది.

ఆయన బ్యాగ్‌పైపు కూడా వాయిస్తాడు. ఆ సంగతి తెలియక ముందే నాకు ఆయన లీడ్‌లో ఏదో తేడా వినిపించింది. బ్లూస్ అలవాటున్న గిటారిస్టు తీగను సాగదీసి స్వరాన్ని ఏడిపిస్తాడు. ఈయన చాలాచోట్ల అలా చేయడు. స్వరానికి ముందు చిటికెలో ఒకటి రెండు చిన్న స్వరాలు తగిలించి అసలు దాని మీద దిగుతాడు. నెట్‌లో హైలాండ్ పైపు పాఠాలు చూశాక కారణం అర్థమైంది.

పైపులో గాలి సంచి నుంచి ఆగకుండా వస్తూనే ఉంటుంది. మధ్యలో ఆపలేం, చిన్నగా పెద్దగా ఊదలేం. చాంటర్ (వేళ్లతో వాయించే రంధ్రాల గొట్టం) మీద వచ్చే స్వరాలు తొమ్మిదే. మరి ఒకే స్వరాన్ని రెండుసార్లు వరసగా వాయించాలంటే? రెండూ అతుక్కుపోతాయి. అందుకని మధ్యలో మెరుపులా ఇంకో వేలెత్తి చిన్న స్వరం పెట్టి విడగొడతారు. వాయిద్యానికి ఉన్న ఇబ్బందే దాని అందం అయింది. జోన్స్ ఆ వేళ్ల అలవాటును గిటారు మెట్ల మీదికి తెచ్చాడని నాకు అనిపిస్తోంది. నిన్న రాత్రి నేనూ ప్రయత్నించాను. ఎడమచేతి ఉంగరం వేలు ఇంకా మాట వినడం లేదు, ఈ వారం అదే సాధన.

---

చిన్న ప్రశ్న

గిటారును బ్యాగ్‌పైపులా మోగించింది బిగ్ కంట్రీ వాళ్లు కదా? 1983లో?

---

ఆరు తీగలు

బిగ్ కంట్రీ కూడా స్కాటిష్ బ్యాండేనండీ, డన్‌ఫర్మ్‌లిన్ వాళ్లు. వాళ్లది రెండు ఎలక్ట్రిక్ గిటార్లు, ఎఫెక్టులతో తెచ్చిన శబ్దం. జోన్స్ అంతకు నాలుగేళ్ల ముందే రికార్డు మీద వాయించాడు. ఎవరి దారి వారిది. రెండూ వినండి, తేడా మీకే తెలుస్తుంది.

---

శ్రీకాకుళం మాస్టారు

బ్యాగ్‌పైపు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మన జానపద కళాకారుల దగ్గర 'తిత్తి' అని ఉండేది. మేక తోలు సంచి, దానికి గొట్టం, గాలి నింపి చంకలో నొక్కితే ఒకటే శ్రుతి. పైపులో ఆగకుండా మోగే ఆ వెనక శబ్దం విన్నప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. చిన్నప్పుడు మా ఊరి వీధి భాగవతంలో విన్న తిత్తి చెవుల్లో ఉంది కాబట్టే కావచ్చు.

ఇంకో పోలిక. ఆ దీవుల చర్చిల్లో గేలిక్ కీర్తనలు పాడే పద్ధతి ఉందట. ఒకాయన ముందు చరణం అందిస్తాడు, జనం అంతా అందుకుని ఎవరి గమకం వాళ్లు వేసుకుంటూ సాగదీస్తారు. వాయిద్యాలు ఉండవు. మా అమ్మాయి పంపిన రికార్డింగు విన్నాను. వందమంది ఒక్కటే పాట పాడుతున్నా ఏ ఇద్దరిదీ ఒకటి కాదు, సముద్రం హోరులా ఉంది. మన భజనల్లో పెద్దాయన పాడితే వెనక వంత పాడినట్టే, కానీ చాలా నెమ్మది. రోరీ, కాలమ్ గొంతులు కలిసినచోట నాకు ఆ హోరు వినిపిస్తుంది.

అలాగే దీవుల ఆడవాళ్లు నేసిన ఉన్ని గుడ్డను బల్ల మీద బాదుతూ పాడే పాటలు ఉన్నాయి. దంపుళ్ల పాట ఎరిగినవాళ్లకు ఆ లయ వేరే చెప్పక్కర్లేదు.

---

పాలమూరు బిడ్డ

నేను పాటల శాస్త్రం తెలిసినవాణ్ని కాదు. కానీ 'డ్యాన్స్ కాల్డ్ అమెరికా' అనే పాట (1984లో సింగిల్‌గా వచ్చింది) గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

1773లో శామ్యూల్ జాన్సన్, జేమ్స్ బాస్వెల్ అనే ఇద్దరు రచయితలు స్కై దీవికి వెళ్లారు. బాస్వెల్ తన డైరీలో ఒక నాట్యం గురించి రాశాడు. జనం దాన్ని 'అమెరికా' అని పిలుస్తున్నారట. ముందు ఒక జంట గిర్రున తిరుగుతుంది, తర్వాత ఇంకో జంట, ఇంకో జంట, చివరికి హాల్లో ఉన్నవాళ్లంతా తిరుగుతుంటారు. వలస ఒక ఇంట్లో మొదలై ఊరంతా ఎలా అంటుకుంటుందో చూపించే నాట్యం అది. పక్కింటివాడు ఓడెక్కాడు, మనమూ పోదాం అని. సరిగ్గా రెండు వందల ఏళ్లకు అదే దీవి పిల్లలు బ్యాండు పెట్టి, తర్వాత ఆ నాట్యం పేరుతో పాట కట్టారు.

మాది మహబూబ్‌నగర్ పక్క పల్లె. మా తాత, నాయన ఇద్దరూ మట్టిపనికి బొంబాయి పోయినవాళ్లు. ఒకరు పోతే పది మంది పోయేవారు. పండుగకు వచ్చినవాళ్లు తెచ్చిన రేడియో చూసి మళ్లీ ఇంకో పది మంది. ఊళ్లో సగం ఇళ్లకు తాళం. నేను చిన్నప్పుడు ఆ తాళాలు లెక్కపెట్టుకుంటూ బడికి పోయేవాణ్ని. ఆ పాట చాలా హుషారుగా ఉంటుంది, కాళ్లు ఆగవు. మాటలు తెలిశాక మాత్రం నాకు కాళ్లు కదల్లేదు. అంత దుఃఖాన్ని అంత హుషారులో పెట్టడం ఎట్లా వచ్చిందో వాళ్లకు.

---

నిక్కచ్చి

పాత రికార్డు గారూ, తొమ్మిదేళ్ల మాట నేను ఒప్పుకుంటున్నాను. సొంత ఊరి జనం మీద నిలబడి సొంత కంపెనీ నడిపారన్నది నేను తక్కువగా చూశాను.

ఒక సవరణ మాత్రం. చాలాచోట్ల రన్‌రిగ్‌దే చార్టుకెక్కిన మొదటి గేలిక్ పాట అని రాస్తారు. 1992లో కేపర్‌కేలీ అనే బ్యాండు పాట బ్రిటన్ టాప్ 40లోకి వచ్చింది, అది ముందు. రన్‌రిగ్ 'అన్ ఊల్ అస్ ఆర్జా', అంటే 'అందరికన్నా పైనున్న ఆపిల్ పండు', 1995లో 18వ స్థానానికి చేరింది. టాప్ 20లోకి వచ్చిన మొదటి స్కాటిష్ గేలిక్ పాట అది. కార్ల్స్‌బెర్గ్ బీరు ప్రకటనలో వాడటం వల్ల జనానికి చేరింది. పాట మాత్రం 1987 ఆల్బమ్‌లోదే. ఎనిమిదేళ్లు ఆగాల్సి వచ్చింది.

నా మొదటి వాదనకు ఇదే ఎదురు సాక్ష్యం అని నాకు తెలుసు. వాళ్ల సింగిల్స్‌లో అంత పైకి వెళ్లినవి కొన్నే. అందులో గేలిక్‌ది ఉంది.

---

నీలవేణి

రెండు చిన్న సంగతులు, విషయానికి కాస్త పక్కనే అయినా చెప్పాలనిపించింది.

ఒకటి. ఆ దీవులకూ మనకూ ఎప్పటిదో పాత చుట్టరికం ఉంది. మన ఊళ్ల కైఫియత్తులు రాయించిన కల్నల్ కాలిన్ మెకంజీ లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో పుట్టాడు. అది గేలిక్ గడ్డ. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఆయన కోసం ఊరూరా తిరిగి శాసనాలు, కథలు, కరణాల లెక్కలు పోగుచేశారు. నా పీహెచ్‌డీ పని వాటి మీదే, అందుకే స్కాట్లాండ్ దీవుల పేరు ఎక్కడ కనపడినా ఆగుతాను.

రెండు. 2003లో కొలంబియా వ్యోమనౌకలో మన కల్పనా చావ్లాతో పాటు ప్రాణాలు పోగొట్టుకున్న లారెల్ క్లార్క్, స్కాట్లాండ్‌లో అమెరికా నౌకాదళ స్థావరంలో డాక్టరుగా పనిచేసినప్పటి నుంచి రన్‌రిగ్ అభిమాని. వాళ్ల సీడీ ఒకటి వెంట తీసుకెళ్లారు. అంతరిక్షంలో ఒక రోజు వాళ్లను నిద్రలేపిన పాట కూడా రన్‌రిగ్‌దే. నౌక కూలాక శకలాల్లో ఆ సీడీ దొరికింది. కుటుంబం దాన్ని బ్యాండు వాళ్లకు ఇచ్చింది. ఊరి హాల్లో అకార్డియన్‌తో మొదలైన బ్యాండు పాట అంత దూరం వెళ్లింది.

---

గ్లాస్గో వాన

నీలవేణి గారూ, మెకంజీ సంగతి నాకు తట్టనే లేదు. ధన్యవాదాలు.

నేను మొదలుపెట్టిన కథను 1987–88 దాకా తెచ్చి వదిలేస్తాను. 87 ఆగస్టులో ఎడిన్‌బరోలోని మరీఫీల్డ్ స్టేడియంలో ఐర్లండు రాక్ బ్యాండు యూటూ కచేరీకి ముందు వాయించే అవకాశం వచ్చింది. 88లో 'వన్స్ ఇన్ ఎ లైఫ్‌టైమ్' అనే లైవ్ ఆల్బమ్. నన్నడిగితే ఈ బ్యాండును మొదటిసారి వినేవాళ్లు దీంతోనే మొదలుపెట్టాలి. స్టూడియోలో వాళ్లు కాస్త జాగ్రత్తగా ఉంటారు. జనం ముందు ఆ జాగ్రత్త పోతుంది. జనం పాడటం మొదలెట్టాక బ్యాండు తగ్గి వాళ్లకు దారి ఇవ్వడం వినండి.

ఇక్కడ గ్లాస్గోలో బారోలాండ్ అని పాత డ్యాన్సు హాలు ఉంది. వాళ్లకు చాలా కావలసిన చోటు. దాని చెక్క నేల స్ప్రింగులా ఊగేలా కట్టారు. వేరే కచేరీకి వెళ్లినప్పుడు చూశాను, జనం గెంతుతుంటే నిలబడ్డవాళ్ల మోకాళ్లు కూడా వాటంతట అవే కదులుతాయి. ఈ బ్యాండుకు అలాంటి నేల ఎందుకు కలిసొచ్చిందో అక్కడ నిలబడితే తెలుస్తుంది.

2018 ఆగస్టులో స్టిర్లింగ్ కోట కింద వాళ్ల ఆఖరి కచేరీలు రెండు రాత్రులు జరిగాయి. పేరు 'ది లాస్ట్ డ్యాన్స్'. డానీ మన్‌రో 1997లోనే వెళ్లిపోయాడు, కెనడా వాడైన బ్రూస్ గుత్రో ఇరవై ఏళ్లు పాడాడు. నేను రెండో రాత్రి వెళ్లాను. నా పక్కన డెన్మార్క్ నుంచి వచ్చిన భార్యాభర్తలు గేలిక్ పాటలు పొల్లుపోకుండా పాడుతున్నారు. గేలిక్ వచ్చా అని అడిగితే, ఈ పాటల్లో ఉన్నంత వరకే వచ్చు అన్నారు.

---

పాలమూరు బిడ్డ

మీరు చెప్పిన లైవ్ ఆల్బమ్ విన్నాను అన్నా. కానీ నాకు మొదటి ఆల్బమ్‌లో ఉన్న 'హీ మిన్ గ్యౌరగ్' ఎక్కువ నచ్చింది. 'చలికాలం కనిపిస్తోంది' అని అర్థమట.

నిన్న రాత్రి ఫోన్లో పెట్టుకుని వింటున్నాను. అమ్మ వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. పాట సగంలో చప్పుడు ఆగింది. చేతులు తుడుచుకుంటూ వచ్చి గడప దగ్గర నిలబడి, "ఎవరు పోయారంట బిడ్డా, అంత దిగులుగా పాడుతున్నరు?" అని అడిగింది. చలికాలం వస్తోందని పాడుతున్నారు అమ్మా అన్నాను. కాసేపు విని, "మళ్లోసారి పెట్టు" అని అక్కడే కింద కూచుంది.

---

పాత రికార్డు

తమ్ముడూ, అమ్మకు ఈసారి 'కార్కల్ అ హువన్' పెట్టు. 'సముద్రపు వలయం' అని అర్థం, 'హైలాండ్ కనెక్షన్'లో చివరి పాట. ఏమన్నారో వచ్చి రాయి.